నీళ్ళక్క బండికి లారీ ఇరుసు

మా తోడికోడలికి నాకంటే నోరు తక్కువ, మొండితనం ఎక్కువ. ఈ రెండింటిలో ఏది ఎక్కువ ప్రమాదమో ఈ ఇంటికి కొత్తగా వచ్చినప్పుడు నాకు తెలియలేదు. నోరున్నవాళ్ళం నాలుగు మాటలు అనేసి చల్లబడతాం. నోరు లేనివాళ్ళు అలా కాదు, మాట్లాడకుండా వెళ్ళి అనుకున్న పని చేసుకొస్తారు. ఆవిడ పెద్దకోడలు, నేను చిన్నకోడలిని, కాబట్టి అక్కా అని పిలుస్తాను. వీధిలో అందరికీ ఆవిడ నీళ్ళక్క. కొండమీద రాళ్ళు కొట్టేవాళ్ళ కాలనీకి పాత పికప్ బండిలో నీళ్ళ ట్యాంకు తీసుకెళ్ళేది ఆవిడే.

మా ఇంటికి ముందు రేకుల షెడ్డు, వెనక మూడు గదులు. షెడ్డులోకి తెరుచుకునే కిటికీ పక్కన నా కుట్టుమిషను ఉంటుంది. బండ్లకు సీటు కవర్లు, సరుకు మీద కప్పే టార్పాలిన్లు కుడతాను. చెయ్యి మిషను మీద, కన్ను షెడ్డు మీద. నాకు తెలియకుండా అక్కడ ఒక నట్టు కూడా తిరగదు. అందుకే ఈ సంగతి చెప్పే హక్కు ఇంట్లో అందరికంటే నాకే ఉందని నా నమ్మకం.

షెడ్డు మా మామగారిది. ఆయన ఇంజను మెకానిక్కు. కొడుకులిద్దరినీ తన పనిలో పెట్టాలని చూశారు గానీ కుదరలేదు. పెద్దాయన, అంటే మా బావగారు, లారీలు తూచే కాటా దగ్గర ఉద్యోగంలో చేరిపోయారు. చిన్నాయన, అంటే మా ఆయన, వెల్డింగు షాపు పెట్టుకున్నాడు. ఇద్దరికీ స్టీరింగు పట్టుకోవడమంటే గిట్టదు. మామగారికి చూపు మందగించాక, బాగుచేసిన బండిని రోడ్డెక్కించి చూసే మనిషి కరువయ్యాడు. ఆయన పక్కన కూర్చుని ఇంజను పలుకు వినాలి, ఇంకొకరు తోలాలి. అప్పటికి కొత్తకోడలైన అక్క వంటింట్లోంచి చేతులు తుడుచుకుంటూ వచ్చి, తను తోలనా అని అడిగిందట. మామగారు నవ్వలేదు, తాళంచెవి చేతిలో పెట్టారు. అక్క పొట్టిది. కాళ్ళు పెడళ్ళకి అందితే కళ్ళు రోడ్డుకి అందేవి కావు. నేను ఈ ఇంటికొచ్చి చేసిన మొట్టమొదటి పని ఆవిడ సీటు మీదకి ఎత్తుగా ఒక దిండు కుట్టడం.

కొండ కాలనీవాళ్ళు నీళ్ళ కోసం ఎంతమంది బండ్లవాళ్ళని బతిమాలినా ఎవరూ ఒప్పుకోలేదు. ఆ దారి అలాంటిది. సగం దాకా బుద్ధిగా పోయి ఆఖరి మలుపు దగ్గర గోడలాగా లేస్తుంది. అక్క వెళ్ళి చూసొచ్చి సరే అంది. ఆ దారిన బరువుతో ఎక్కే ఏ బండికైనా వెనకాల ఒక మనిషి చెక్క దిమ్మ మోసుకుంటూ నడవాలి. బండి ఆగిపోయి వెనక్కి జారితే చక్రం కింద దిమ్మ తోసి ఆపాలి. కాటా దగ్గర డ్యూటీ మధ్యాహ్నం నుంచి కాబట్టి పొద్దునపూట ఆ పని మా బావగారిది. పెళ్ళాం బండి తోలుతుంటే మొగుడు వెనకాల దిమ్మ మోస్తున్నాడని వీధిలో ఎన్నో మాటలన్నారు. లోకుల నోటికి మూతలు ఎక్కడ తెస్తాం? ఆయన విననట్టే నడిచేవారు.

ఎండాకాలం మొదట్లో ఒక ఉదయం ఆ ఆఖరి మలుపులో బండి వెనక ఇరుసు విరిగింది. లోపల చక్రాన్ని తిప్పే కడ్డీ ఫట్‌మని తెగి, కుడివైపు చక్రం కడ్డీ ముక్కతో సహా బయటికి జారింది. బ్రేకు గొట్టం కూడా తెగింది. అక్క కాలికింద పెడలు నేలకంటుకుపోయింది. నిండు ట్యాంకుతో బండి వెనక్కి కదిలింది. బావగారు పక్కకి దూకెయ్యచ్చు, దూకలేదు. ఎడమ చక్రం కింద దిమ్మ తోశారు. బండి ఆ దిమ్మని కొంతదూరం ఈడ్చుకొచ్చి ఆగింది. ఆయన కాలికీ చక్రానికీ మధ్య పిడికెడు చోటు మిగిలింది. అక్క దిగి పరుగెత్తుకొచ్చి ముందు ఆయన కాలు తడిమి చూసింది. ఆయన దిమ్మ పక్కనే రోడ్డు మీద కూర్చుండిపోయారు.

బండిని ఇంటికి లాగించుకొచ్చాక ఆయన నోరు విప్పారు. బండిని పాత ఇనుము కొట్టుకి ఇచ్చేస్తున్నాననీ, వచ్చే ఆదివారం కొట్టతను వచ్చి లాక్కెళతాడనీ చెప్పేశారు. బండి ఆయన పేరు మీద ఉంది, కాదనడానికి ఎవరికీ నోరు లేదు. కొత్త బండి కొనే స్తోమత మాకు లేదు. అది పోతే కొండమీద ఆడవాళ్ళు మళ్ళీ బిందెలు మోస్తూ ఎక్కాలి. మా అక్క మళ్ళీ వంటింటికి పరిమితం కావాలి. వంట చెయ్యడం తప్పని నేననను, రోజూ చేస్తున్నదాన్నే. కానీ తాళంచెవి తీసుకుని గుమ్మం దిగేటప్పుడు ఆవిడ ముఖంలో కనిపించే వెలుగు, కూర కలిపేటప్పుడు నాకెప్పుడూ కనిపించలేదు.

నేనైతే ఇల్లు పీకి పందిరేసేదాన్ని. అక్క అన్నం వడ్డిస్తూ ఒక్కటే అడిగింది.

"ఆదివారం దాకా అది నా బండే కదండీ?"

బావగారు తల ఊపారు. ఆయనకి తెలియదు, మొండివాడు రాజుకన్నా బలవంతుడన్న సామెతలో ఆడవాళ్ళు కూడా వస్తారని.

మర్నాడే అక్క మామగారిని, నన్ను వెంటబెట్టుకుని అదే పాత ఇనుము కొట్టుకి వెళ్ళింది. అక్కడ ఒక చిన్న లారీని విడదీసి పడేశారు. దాని వెనక ఇరుసు మట్టిలో బోర్లా పడి ఉంది. మామగారు వంగి రెండు చేతులతో దాన్ని ఆ చివరి నుంచి ఈ చివరి దాకా తడిమి చూశారు. మా బండి ఇరుసు ఎందుకు విరిగిందో, ఇది ఎందుకు విరగదో అక్కకి అక్కడే విప్పి చెప్పారు.

"మనదాంట్లో చక్రాన్ని తిప్పేదీ, బరువు మోసేదీ ఒకే కడ్డీ అమ్మాయ్. దీంట్లో బరువంతా బయటి గొట్టం మోస్తుంది, లోపలి కడ్డీ తిప్పి ఊరుకుంటుంది. అన్నీ ఒక్కడి నెత్తినే పెడితే ఎవడైనా విరుగుతాడు."

ఆ మాట నాకు ఎంత నచ్చిందంటే, తర్వాత మా ఆయన మీద చాలాసార్లు ప్రయోగించాను.

కొట్టు యజమాని ఇరుసుకి డబ్బు అడగలేదు. తన ఇనుము మీదకి ఒక పెద్ద టార్పాలిన్ కుట్టిస్తే చాలన్నాడు. కుట్టేది ఎవరో చెప్పక్కర్లేదు కదా. కందకు లేని దురద కత్తిపీటకెందుకని గొణుక్కుంటూనే ఒప్పుకున్నాను. అతను నవ్వుతూ, ఎలాగూ ఆదివారం బండితో పాటు నా ఇరుసు నా దగ్గరికే వచ్చేస్తుంది, టార్పాలిన్ మాత్రం నాకు మిగులుతుంది అన్నాడు. అక్క అప్పటికే ఇరుసు మోయడానికి మనుషుల్ని పిలుస్తోంది.

ఆ వారం మా షెడ్డు చూడాలి. మూలన కుర్చీలో కూర్చుని రేడియో వింటూ, మనిషి కాస్తా కుర్చీలో భాగమైపోయిన మామగారు, నిక్కరు వేసుకుని బండి కిందకి దూరారు. కనపడని నట్టుని వేలితో కొలిచి, ఏ పానా కావాలో చెప్పేవారు, అక్క అందించేది. పాత ఇరుసు ఊడదీశారు. ఇంజను దగ్గర నుంచి ఇరుసుదాకా పోయే పొడవాటి గొట్టాన్ని లేత్ మీద కోయించి కురచ చేయించారు. కొత్త బ్రేకు గొట్టాలు వేశారు. లారీ ఇరుసు మా బండికంటే వెడల్పు, చక్రాలు రెండు పక్కలా బయటికి తన్నుకొచ్చాయి. చంటిపిల్లాడు తండ్రి చెప్పులు వేసుకున్నట్టుంది బండి.

అసలు చిక్కు బండి కుదుపులు ఆపే కమాను పట్టీల దగ్గర వచ్చింది. ఆ లారీకి పట్టీలు ఇరుసు అడుగున ఉంటాయి, మా బండికి ఇరుసు మీద ఉంటాయి. కాబట్టి పట్టీలు కూర్చునే ఇనుప పీటలు ఆ ఇరుసుకి అడుగువైపు అతికి ఉన్నాయి. వాటిని కోసేసి పైవైపు కొత్తవి వెల్డింగు చేస్తానని మా ఆయన అన్నాడు. మామగారు వినలేదు. కంపెనీలో పడ్డ వెల్డింగుని గ్రైండరుతో కొయ్యడమంటే ఆయనకి అన్నం పారబోసినంత పాపం. జన్మలో వంగిన మేకు కూడా పారెయ్యని మనిషి. కొంచెంసేపు ఆలోచించి, ఇరుసునే బోర్లా తిరగేస్తే పీటలు వాటంతటవే పైకొస్తాయి కదా అన్నారు. నిజమే, వచ్చాయి. బోల్టులు కూడా అచ్చంగా సరిపోయాయి. మేమంతా ఆయన తెలివికి మురిసిపోయాం. కిటికీలోంచి నేను చప్పట్లు కూడా కొట్టాను.

ఆదివారం పొద్దున కొట్టు యజమాని తన లారీ వేసుకుని వచ్చాడు. బావగారు గేటు దగ్గర చేతులు కట్టుకుని నిలబడ్డారు. చుట్టుపక్కలవాళ్ళు పనేమీ లేనట్టు చేరారు. అక్క దిండు మీద కూర్చుని ఇంజను వేసింది. మామగారు కళ్ళు మూసుకుని విని, బాగుందన్నట్టు చెయ్యి ఊపారు. అక్క మొదటి గేరు వేసి క్లచ్చి వదిలింది.

బండి వెనక్కి నడిచింది.

ఏదో పొరపాటు పడ్డాననుకుని అక్క బ్రేకు వేసి, మళ్ళీ చూసుకుని మొదటి గేరే వేసింది. మళ్ళీ వెనక్కే. రెండో గేరులో ఇంకొంచెం హుషారుగా వెనక్కి పోయి నేను ఆరేసిన దుప్పట్లన్నిటినీ నెత్తిన వేసుకుంది. వెనక్కి పోయే గేరు వేస్తే మాత్రం చక్కగా ముందుకొచ్చింది. ఇరుసు మధ్యలో ఇంజను తిప్పే చిన్న పళ్ళచక్రం ఒకటి, అది తిప్పే పెద్ద పళ్ళచక్రం ఒకటి ఉంటాయి. ఇరుసుని బోర్లా వేస్తే ఆ పెద్దది ఈ పక్కనుంచి ఆ పక్కకి పోతుంది, దాంతో బండి చక్రాలు ఎదురు తిరుగుతాయి. జన్మంతా ఇంజన్లు విప్పిన మామగారికి ఇరుసుల పని ఎప్పుడూ పడలేదు, పక్క షెడ్డువాళ్ళు చేసేవారు. మెరుపులాంటి ఆ ఆలోచన రానివాడైతే ఈ తప్పు చేసేవాడే కాదు.

వీధి వీధంతా కడుపు పట్టుకుని నవ్వింది. కొట్టు యజమాని కళ్ళు తుడుచుకుని, ఇంతగా నవ్వించిన బండిని ఈరోజే కొయ్యడానికి చేతులు రావు, వచ్చే ఆదివారం వస్తానని వెళ్ళిపోయాడు. నవ్వనివాళ్ళు ముగ్గురే, అక్క, బావగారు, మామగారు. బావగారు, మళ్ళీ వెనక్కి జారే బండినే తయారు చేశారు కదా అని ఒక్క మాట అనేసి కాటాకి వెళ్ళిపోయారు. మామగారు లోపలికి పోయి గోడవైపు తిరిగి పడుకున్నారు. ఆ వీపు చూస్తే నాకు ఏడుపొచ్చింది. చేతకాని పనికి దిగాననుకునే ముసలాయన వీపు అది.

నేను కాఫీ ఇచ్చాను, తాగలేదు. మా ఆయన వెళ్ళి సముదాయించాడు, లేవలేదు. అక్క మాత్రం ఆ గదివైపే వెళ్ళలేదు. బట్టలు మార్చుకుని బండి కిందకి దూరి, తనంతట తనే బోల్టులు విప్పడం మొదలుపెట్టింది. పెద్ద సైజు పానా వేసిందేమో, అది నట్టు మీద నిలవకుండా జారుతోంది. జారినప్పుడల్లా నట్టు మూలలు అరిగే కిర్రుమనే చప్పుడు. మెకానిక్కు ఇంట్లో ఆ చప్పుడు కంటే పెద్ద తిట్టు లేదు. ఒకసారి, రెండుసార్లు, మళ్ళీ. మంచం కిర్రుమంది. మామగారు గుమ్మంలోకొచ్చి, నట్టుని చంపేస్తున్నావు, లే అవతలకి అన్నారు.

అక్క బండి కిందనుంచే జవాబు చెప్పింది.

"ఈ చుట్టుపక్కల వెనక్కి నాలుగు గేర్లున్న బండి మనది ఒక్కటే మామయ్యా. ఇప్పుడు ముందుకి కూడా నాలుగు పెట్టండి."

ఆయన నవ్వు ఆపుకోలేకపోయారు. నిక్కరు వేసుకోవడానికి లోపలికి వెళ్ళారు. ఆ పానా తప్పు సైజని అక్కకి ముందే తెలుసా అని తర్వాత నేను అడిగాను. ఆవిడ పానా తుడిచి పెట్టెలో పెట్టేసింది. తెలిసే వేసిందని నా నమ్మకం.

ఈసారి మామగారు తనే దగ్గర నిలబడి పీటలు కోయించారు. గ్రైండరు తిరుగుతున్నంతసేపూ ముఖం అటు తిప్పుకున్నారు. మా ఆయన షాపు మూసుకుని వచ్చి కొత్త పీటలు వెల్డింగు చేశాడు. చల్లారాక మామగారు వెల్డింగు గీత పొడవునా వేలు నడిపి, ఒకచోట పలచగా ఉందని మళ్ళీ పోయించారు. శనివారానికి బండి షెడ్డులోంచి ముందుకే వచ్చింది. నవ్విన నాపచేనే పండిందని వీధికి వినపడేలా నేనన్నాను. ముందుకి రావడం ఒక ఎత్తు, కొండ ఎక్కడం ఇంకో ఎత్తు. అది ఎక్కకపోతే మర్నాడు కొట్టు లారీ వచ్చేస్తుంది. అందుకే అక్క ట్యాంకు నింపించి నేరుగా కాటా దగ్గరికి తోలింది. పక్కన నేను, అటుపక్క మామగారు.

ఆరోజు బావగారికి పొద్దుటి డ్యూటీ. బండి కాటా మీదకి ఎక్కగానే బరువు చూసి, ఆయన బయటికొచ్చారు. సగం ట్యాంకు వదిలేసి వెళ్ళమన్నారు. సగంతో ఎక్కితే ఎక్కినట్టు కాదంది అక్క. ఆయన బండి తలుపు మీద చెయ్యి వేశారు.

"నాకు బండి మీద కోపం కాదు. ఆరోజు అది వెనక్కి వస్తుంటే లోపల నువ్వున్నావు."

అక్క ఆయన వైపు తిరిగింది.

"వెనక మీరున్నారు. అద్దంలో కనపడుతూనే ఉన్నారు. బ్రేకు తొక్కుతున్నా, పట్టడం లేదు. అందుకేనండీ ఇంత గట్టి ఇరుసు వేయించింది."

ఇద్దరూ ఇన్నాళ్ళూ ఒకరి కోసం ఒకరు భయపడుతూ, ఎవరి భయం వాళ్ళు దాచుకుని తిరిగారు. మధ్యలో కూర్చున్న నాకు ఎటు చూడాలో తెలియక మామగారి చొక్కా గుండీలు చూస్తూ కూర్చున్నాను. బావగారు పక్కవాడికి కాటా అప్పజెప్పి వచ్చి, ట్యాంకు వెనక మెట్టు మీద నిలబడ్డారు. కొండ మొదట్లో దిగి, దిమ్మ భుజానికెత్తుకున్నారు.

అక్క మొదటి గేరులో ఎక్కించడం మొదలుపెట్టింది. లారీ ఇరుసు వల్ల వేగం తగ్గింది గానీ, ఇంజను గొంతులో వెనకటి ఆయాసం లేదు. మామగారు కళ్ళు మూసుకుని వింటున్నారు. నేను కళ్ళు తెరిచి ఉన్నా ఏమీ చూడలేదు, దేవుళ్ళందరినీ పిలుస్తున్నాను. ఆఖరి మలుపు వచ్చింది. ముందు అద్దంలో రోడ్డు పోయి ఆకాశం మాత్రమే మిగిలింది. ఇరుసు విరిగినచోట రాతిమీద గీత ఇంకా ఉంది, దాని మీదుగానే పోయాం. బండి ఒక్కసారి కూడా వణకలేదు. అదే నడకతో మలుపు తిరిగి పైకెక్కేసింది. పక్క అద్దంలో బావగారు పరుగులాంటి నడకతో కొంతదూరం వచ్చి, ఇక అందుకోలేక, నడుం మీద చెయ్యి వేసుకుని ఆగిపోయి చిన్నగా కనిపించారు.

ఆయన రొప్పుకుంటూ పైకి వచ్చేసరికి కాలనీ ఆడవాళ్ళు బిందెలు వరుసలో పెట్టేశారు. అక్క గొట్టం పట్టుకుని పోస్తోంది. ఆయన చెమట తుడుచుకోలేదు, బండి కిందకి వంగి ఇరుసు మీద అరచెయ్యి ఆనించి చూశారు. తర్వాత లేచి వరుస పక్కన నిలబడ్డారు. బరువులు తూచే మనిషి కదా, ట్యాంకు వైపు, బిందెల వైపు చూసి లెక్క వేసుకున్నట్టున్నారు. నీళ్ళు అయిపోయేసరికి వరుస చివర ఒక ముసలమ్మ, ఇద్దరు బాలింతలు ఖాళీ బిందెలతో మిగిలారు. అంతకుముందు కూడా రోజూ కొందరు అలాగే మిగిలేవారు. పాత ఇరుసుతో రోజుకి ఒక్కసారి ఎక్కితే గొప్ప, రెండోసారి అనే మాటే ఎవరూ తలపెట్టలేదు.

బావగారు అక్క దగ్గరికొచ్చి, గొట్టం చుట్టడంలో చెయ్యి కలిపి, మెల్లగా అడిగారు.

"వీళ్ళకి అందలేదు. ఇంకో ట్యాంకు తెద్దామా?"

అక్క ముఖం అటు తిప్పుకుని బండెక్కి ఇంజను వేసింది. బావగారు తలుపు తీసి, నన్ను దిగమని ఆ సీట్లో ఆయన కూర్చున్నారు. ఇరుకవుతుందని, కొండ దిగడమే కదా నడిచి రమ్మని నన్ను అక్కడ వదిలేసి వెళ్ళిపోయారు. ఆ ఎండలో, అరిగిన చెప్పులతో, నేను ముగ్గురినీ పేరు పేరునా తిట్టుకుంటూ కొండ దిగాను. సగం దారిలో నిండు ట్యాంకుతో ఎదురొచ్చారు. పక్కకి తప్పుకుని దారి ఇచ్చాను. దిమ్మ ఒళ్ళో పెట్టుకున్న బావగారు మామగారి మీదుగా కిటికీలోంచి చెయ్యి ఊపారు, నేను కూడా ఊపాను. తిడుతూ అంత సంతోషంగా నేనెప్పుడూ నడవలేదు.